దొరికిన గ్రహం, దక్కని పదవి

2005 జనవరి 5, బుధవారం.

కాలిఫోర్నియాలోని పాసడీనా నగరం. క్యాల్టెక్‌లో తన గదిలో కూర్చుని మైక్ బ్రౌన్ కంప్యూటర్ తెర వంక చూస్తున్నాడు. వయసు 39. వృత్తి ఖగోళ పరిశోధన. పేరు గంభీరమే కానీ ఆ పూట చేస్తున్న పని గుమాస్తా పని కన్నా చప్పన. ఆకాశంలో ఒకే ముక్కను గంటన్నర ఎడంతో తీసిన మూడు ఫొటోలు ఒకదాని వెనక ఒకటి తెర మీదికి వస్తాయి. నక్షత్రాలన్నీ ఉన్నచోటే ఉంటాయి. వాటి మధ్య జరిగిన చుక్క ఏదైనా ఉందా? లేదు. మీట నొక్కు. తర్వాతి ముక్క. ఉందా? లేదు. మళ్లీ నొక్కు.

పైగా అవి కొత్త ఫొటోలు కూడా కావు. ఏడాదికి పైగా డిస్కుల్లో మూలుగుతున్నవి. కంప్యూటర్ ఒకసారి గాలించి, ఇందులో సరుకేమీ లేదని పక్కన పడేసినవి. వాటినే మళ్లీ బయటికి తీశాడు.

అయిదు రోజుల కిందటే అతను ఒక పందెం ఓడిపోయాడు. 2004 సంవత్సరం ముగిసేలోగా ఎవరో ఒకరు సౌర కుటుంబంలో కొత్త గ్రహాన్ని పట్టుకుంటారని అయిదేళ్ల కిందట ఒక స్నేహితురాలితో పందెం కాశాడు. ఓడినవాళ్లు అయిదు సీసాల షాంపేన్ ఇచ్చుకోవాలి. డిసెంబరు 31 రానే వచ్చింది, వెళ్లిపోయింది. గ్రహం మాత్రం రాలేదు.

పందెం సంగతి సరే, పాత ఫొటోలు తిరగెయ్యడానికి అసలు కారణం వేరే ఉంది. రైలు కిటికీలోంచి చూస్తే పట్టాల పక్క చెట్లు గబగబా వెనక్కి పోతాయి, దూరపు కొండ కదిలీ కదలనట్టు ఉంటుంది. భూమి మీద కూర్చుని ఆకాశం చూసే మనకూ అంతే. మనం సూర్యుడి చుట్టూ పరిగెత్తుతుంటాం కాబట్టి దగ్గరి వస్తువులు నక్షత్రాల మధ్య వేగంగా జరిగినట్టు కనిపిస్తాయి, దూరపువి నత్తనడక నడుస్తాయి. బ్రౌన్ బృందం కంప్యూటర్‌కు ఒక హద్దు పెట్టింది: గంటకు ఒకటిన్నర ఆర్క్ సెకన్ల కన్నా తక్కువ జరిగే చుక్కలను పట్టించుకోవద్దని. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. ఆ హద్దు లేకపోతే కెమెరా మచ్చలు, వాతావరణపు మిణుకులు అన్నీ గ్రహాల్లాగే కనిపించి మనిషిని ముంచేస్తాయి. అయితే 2003 నవంబరులో వాళ్లకే సెడ్నా అనే వస్తువు దొరికింది. దాని వేగం గంటకు 1.75 ఆర్క్ సెకన్లు. హద్దుకు ఒక వెంట్రుకవాసి ఇవతల. అది చూశాక బ్రౌన్‌కు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒకటే: ఆ హద్దుకు అవతల ఇంకెన్ని జారిపోయాయో? అందుకే హద్దు తగ్గించి, పాత ఫొటోలన్నీ మళ్లీ జల్లెడ పట్టించి, మిగిలినవాటిని కంటితో చూస్తున్నాడు.

2003 అక్టోబరు 21 రాత్రి తీసిన మూడు ఫొటోలు తెర మీదికి వచ్చాయి.

ఒక చుక్క జరిగింది.

మెల్లగా. అంతకు ముందు అతను చూసిన దేనికన్నా మెల్లగా. అంటే దూరం ఎక్కువ. అయినా మసకగా లేదు, కాంతిగానే ఉంది. అంత దూరాన ఉండి అంత వెలుగు వెలగాలంటే వస్తువు పెద్దదై ఉండాలి. కాగితం మీద లెక్క వేస్తే, మీద పడిన వెలుగునంతా నూటికి నూరు పాళ్లూ తిప్పికొట్టే అద్దంలాంటిదనుకున్నా అది ప్లూటో అంత ఉండాలి. మామూలు మంచు, రాయి అయితే ప్లూటో కన్నా పెద్దది. 1930 తర్వాత సూర్యుడి చుట్టూ తిరిగేవాటిలో ప్లూటో అంతటిది ఏదీ దొరకలేదు.

ఇంటికి ఫోన్ చేశాడు. గర్భవతిగా ఉన్న భార్యకు గ్రహం దొరికిందని చెప్పాడు. ఆవిడ సంతోషించి, వచ్చేటప్పుడు పాలు పట్టుకురమ్మంది. ఇది నేను కల్పించిన చమత్కారం కాదు, తర్వాత రోజుల్లో రాసిన పుస్తకంలో బ్రౌన్ చెప్పుకున్నదే. పందెం కాసిన స్నేహితురాలికి మెయిల్ పెట్టి, గడువు అయిదు రోజులు పొడిగించమని వేడుకున్నాడు. ఆవిడ ఒప్పుకుంది. గ్రహం కన్నా ముందు పందెం గెలిచాడు.

◆

ఈ వేట వెనక కథ కొంచెం చెప్పుకోవాలి.

1930లో అమెరికాలోని ఆరిజోనాలో క్లైడ్ టాంబా అనే పాతికేళ్లయినా నిండని కుర్రాడు ఫొటో పలకలు పోల్చి చూస్తూ ప్లూటోను పట్టుకున్నాడు. ఫిబ్రవరి 18న కనిపించింది, మార్చి 13న లోకానికి చెప్పారు, మే నెల వచ్చేసరికి పేరు ఖాయం. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన పదకొండేళ్ల వెనీషియా బర్నీ సూచించిన పేరది. అంతా మూడు నెలల్లో ముగిసింది. అప్పట్లో ప్లూటో భూమి అంత ఉంటుందనుకున్నారు. తూకం వేసిన కొద్దీ చిక్కిపోయి చివరికి మన చంద్రుడి కన్నా చిన్నదని తేలింది. 1992లో డేవిడ్ జూయిట్, జేన్ లూ కలిసి నెప్ట్యూన్ అవతల మరో చిన్న వస్తువును చూశారు. ఆ తర్వాత వందల సంఖ్యలో బయటపడ్డాయి. ఆ ప్రాంతమంతా మంచు ముద్దలతో నిండిన కైపర్ పట్టీ అనీ, ప్లూటో అందులో పెద్ద మనిషి మాత్రమేననీ ఖగోళ శాస్త్రవేత్తలు గొణుక్కోవడం మొదలుపెట్టారు. గట్టిగా అనడానికి మొహమాటం. ప్లూటో కన్నా పెద్దది ఇంకొకటి దొరికితే తప్ప ఆ మొహమాటం తీరదు.

ఆ ఇంకొకటి కోసమే బ్రౌన్ పాలొమార్ కొండ మీది 48 అంగుళాల శామ్యూల్ ఆస్చిన్ టెలిస్కోపును పట్టుకున్నాడు. 1948 నాటి పాత యంత్రం. మొదట ఫొటో పలకలతో ఏళ్ల తరబడి వెతికితే దక్కింది శూన్యం. తర్వాత దానికి డిజిటల్ కెమెరా తగిలించారు, టెలిస్కోపు మనుషులతో పనిలేకుండా రాత్రంతా తనే ఫొటోలు తీసి పంపడం నేర్చుకుంది. హవాయిలోని జెమినై అబ్జర్వేటరీ నుంచి చాడ్ ట్రుహీయో, యేల్ విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ రాబినోవిట్జ్ తోడయ్యారు. 2002లో క్వావార్, 2003లో సెడ్నా. పెద్దవే, కానీ ప్లూటోను మించలేదు.

జనవరి 5న దొరికినది మించినట్టే ఉంది. సూర్యుడికీ భూమికీ మధ్య దూరాన్ని ఒక కొలత అనుకుంటే దానికి 97 రెట్ల దూరంలో ఉంది. అంటే సుమారు 1,450 కోట్ల కిలోమీటర్లు. అక్కడి నుంచి వెలుగు మన దగ్గరికి రావడానికే పదమూడు గంటలు దాటుతుంది. ఒక్కసారి సూర్యుడి చుట్టూ తిరగడానికి దానికి సుమారు 560 ఏళ్లు. మరి అంత వెలుగున్న వస్తువు ఇన్నాళ్లూ ఎవరి కంటా ఎందుకు పడలేదు? గ్రహాలన్నీ ఇంచుమించు ఒకే తలంలో తిరుగుతాయి కాబట్టి వెతికేవాళ్లంతా అక్కడే వెతికారు. దీని కక్ష్య 44 డిగ్రీలు వాలి ఉంది. అందరూ వీధిలో వెతుకుతుంటే ఇది మేడ మీద ఉంది.

◆

బయటికి చెప్పలేదు.

ఇక్కడి నుంచే కథ మలుపు తిరిగింది. ఎనిమిది రోజుల ముందు, 2004 డిసెంబరు 28న, వాళ్లకు ఇంకో పెద్ద వస్తువు దొరికింది. క్రిస్మస్ రోజులు కాబట్టి ముద్దుగా శాంటా అన్నారు. కోడిగుడ్డులా సాగి, నాలుగు గంటలకోసారి తన చుట్టూ తాను గిర్రున తిరిగే విచిత్రమైన వస్తువది. జనవరిలో దొరికినదానికి పెట్టుకున్న ముద్దుపేరు జీనా. ఒక అమెరికా టీవీ సీరియల్‌లో కత్తి తిప్పే వీరనారి పేరు. ఇంగ్లిషులో ఎక్స్ అక్షరంతో మొదలవుతుంది, పురాణంలోని పేరులా వినిపిస్తుంది, అదీ సరదా. మార్చి 31న మూడోది దొరికింది. ఈస్టర్ వెళ్లిన నాలుగు రోజులకు కాబట్టి దాని పేరు ఈస్టర్‌బన్నీ.

మూడు నెలల్లో మూడు ప్రపంచాలు. వీటి గురించి తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది. ఒక్కొక్కదాన్ని పెద్ద టెలిస్కోపులతో పరీక్షించి, దేనితో చేసినదో, ఎంత ఉందో, ఉపగ్రహాలున్నాయో లేవో తేల్చుకుని, పూర్తి వ్యాసంతో లోకం ముందుకు రావాలన్నది బ్రౌన్ పద్ధతి. జీనా మీద మీథేన్ మంచు ఉందని తెలిసింది, ప్లూటో మీద ఉన్నట్టే. జులైలో బిడ్డ పుట్టేది ఉంది. సెప్టెంబరులో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో గ్రహ శాస్త్రవేత్తల సమావేశం ఉంది. శాంటా సంగతి అక్కడ చెప్పి, మిగతావి ఆ వెనకే బయటపెట్టాలని లెక్క.

ఈ గుట్టును ఎలా చూడాలి? ఒక పక్క, సగం ఉడికిన వార్తను జనం మీదికి వదలకపోవడం మర్యాదే. ఇంకో పక్క, ఆకాశంలో ఉన్నది ఎవరి సొత్తూ కాదు. ఆరేడు నెలలు దాచుకున్నవాడు, ఆలోగా పక్కింటివాడు చూస్తే ఉడుక్కునే హక్కు కూడా వదులుకున్నట్టే. నా మటుకు నాకు బ్రౌన్ శ్రద్ధ మీద గౌరవం ఉంది గానీ, ఆ తర్వాత జరిగినదానికి కొంత దారి వేసింది ఆ గుట్టేనని అనిపిస్తుంది.

జులై 7న ఆడపిల్ల పుట్టింది. బ్రౌన్ సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు.

జులై మూడో వారంలో కేంబ్రిడ్జి సమావేశంలో చదవబోయే వ్యాసాల సారాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టారు. శాంటా గురించిన సారాంశంలో బృందం సొంత గుర్తు, కే40506ఏ, అచ్చయింది. 2004 మే 6 నాటి ఫొటోల్లో దొరికిన మొదటి వస్తువు అని దాని అర్థం. చూసేవాళ్లకు అది వట్టి అంకెల వరస.

జులై చివరి వారంలో స్పెయిన్‌లోని గ్రనడా నగరం నుంచి కబురు వచ్చింది. ఆండలూసియా ఖగోళ భౌతిక సంస్థకు చెందిన హోసే లూయిస్ ఓర్టిస్, పాబ్లో సాంటోస్ సాన్స్ ఒక పెద్ద వస్తువును కనిపెట్టినట్టు, చిన్న గ్రహాల లెక్కలు చూసే మైనర్ ప్లానెట్ సెంటర్‌కు రాశారు. 2003 మార్చిలో సియెర్రా నెవాడా అబ్జర్వేటరీలో తీసిన ఫొటోల్లో అది ఉందని చెప్పారు. స్థానం, కక్ష్య చూస్తే అనుమానం లేదు. అది శాంటాయే.

బ్రౌన్ గుండె జారిపోయి ఉండాలి. అయినా ఓర్టిస్‌కు అభినందనలు చెబుతూ మెయిల్ రాశాడు. శాస్త్రంలో ముందు ప్రకటించినవాడిదే పేరు. అది నియమం. తన చేతిలో ఇంకా రెండు ఉన్నాయి కదా.

ఆ రెండూ కూడా ఉంటాయో ఉండవో అన్న భయం మర్నాడు పట్టుకుంది. సారాంశంలోని కే40506ఏ గుర్తును గూగుల్‌లో వెతికితే, చిలీలోని ఒక టెలిస్కోపు వాడకం పట్టీలు నేరుగా తెరుచుకుంటున్నాయి. రాబినోవిట్జ్ ఆ టెలిస్కోపుతో శాంటాను గమనిస్తూ వచ్చాడు. ఏ రాత్రి ఏ దిక్కుకు తిప్పారో అన్నీ అందులో ఉన్నాయి. తెలిసినవాడు ఆ పట్టీల్లోంచి శాంటా జాడే కాదు, జీనా జాడ, ఈస్టర్‌బన్నీ జాడ కూడా లాగగలడు. ఎవరో ఒకరు లాగి, సోమవారానికల్లా తమవేనని ప్రకటిస్తే?

2005 జులై 29, శుక్రవారం. సెప్టెంబరు దాకా దాచాలనుకున్న గుట్టు ఒక్క మధ్యాహ్నంలో విప్పాల్సి వచ్చింది. మూడు వారాల బిడ్డ తండ్రి నిద్ర చాలని కళ్లతో విలేకరులతో ఫోన్లో మాట్లాడాడు. ప్లూటో కన్నా పెద్దది దొరికింది, దాన్ని గ్రహం అనకుండా ఉండలేనన్నాడు. నాసా ప్రకటన శీర్షికలోనే పదో గ్రహం అని ఉంది. మర్నాటి పత్రికల మొదటి పేజీల్లో పదో గ్రహం పుట్టింది. అధికారికంగా దాని పేరు 2003 యూబీ 313.

ఈ గొడవకు ఇంకో అంకం ఉంది. చిలీ పట్టీలు ఎవరెవరు తెరిచారో చూస్తే, స్పెయిన్ బృందం ప్రకటనకు ముందే, జులై 26న, గ్రనడా సంస్థకు చెందిన కంప్యూటర్ నుంచే తెరిచినట్టు తేలింది. బ్రౌన్ అంతర్జాతీయ ఖగోళ సంఘానికి ఫిర్యాదు చేశాడు. ఓర్టిస్ పట్టీలు చూసిన మాట కాదనలేదు. తమ ఫొటోల్లో ముందే దొరికిందనీ, వాళ్లు చెబుతున్నదీ ఇదీ ఒకటేనా అని సరిచూసుకోవడానికే తెరిచామనీ అన్నాడు. పైపెచ్చు, దొరికినవాటిని దాచుకోవడం శాస్త్రానికి చేటని ఎదురు ఆరోపణ. ఎవరి మనసులో ఏముందో పట్టీలు చెప్పవు. చూసిన సంగతి మొదటే చెప్పి ఉంటే స్పెయిన్ బృందానికి ఇంత అప్రతిష్ఠ ఉండేది కాదన్నది మాత్రం నిజం.

◆

గ్రహం దొరికింది సరే, పేరేమిటి?

పేరు పెట్టాలంటే ముందు అదేమిటో తేలాలి. అంతర్జాతీయ ఖగోళ సంఘంలో గ్రహాలకు పేరు పెట్టే తీరు వేరు, చిన్న వస్తువులకు పేరు పెట్టే కమిటీ వేరు. జీనా ఎవరి పరిధిలోకి వస్తుంది? గ్రహం అంటే ఏమిటో నిర్వచనం ఉంటే కదా చెప్పడానికి. వేల ఏళ్లుగా మనుషులు గ్రహం అంటున్నారు గానీ, దానికి రాతపూర్వకమైన నిర్వచనం ఏనాడూ లేదు. కాబట్టి పసిబిడ్డ పేరులేకుండానే ఊయల్లో ఉండిపోయింది. లోకం దాన్ని జీనా అనే పిలిచింది. సెప్టెంబరులో కెక్ టెలిస్కోపుతో చూస్తే పక్కనే ఒక ఉపగ్రహం కనిపించింది. సీరియల్‌లో జీనా నేస్తం గాబ్రియెల్ కాబట్టి దానికి ఆ పేరు అంటించారు. బ్రౌన్ తన వెబ్ పేజీ చిరునామాలో కూతురి పేరు పెట్టుకుంటే, అదే గ్రహం పేరని కొందరు విలేకరులు రాసేశారు. జనం బాగా మెచ్చిన పెర్సిఫనీ అనే పేరు పెడదామంటే, దాన్ని పందొమ్మిదో శతాబ్దంలోనే ఒక చిన్న గ్రహశకలానికి ఇచ్చేశారు.

ఇలా ఏడాది గడిచింది.

2006 ఆగస్టు. చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌లో ఖగోళ సంఘం మహాసభ. గ్రహ నిర్వచనం కోసం సంఘం వేసిన ఏడుగురి కమిటీకి ఓవెన్ గింగరిచ్ అధ్యక్షుడు. ఆగస్టు 16న వాళ్ల ముసాయిదా బయటికి వచ్చింది: సూర్యుడి చుట్టూ తిరుగుతూ, తన బరువుకు తానే గుండ్రంగా మారినదల్లా గ్రహమే. దాని ప్రకారం గ్రహాలు పన్నెండు. పాత తొమ్మిది, అంగారకుడికీ గురుడికీ మధ్య ఉన్న సెరెస్, ప్లూటో జోడీ షారన్, పన్నెండోది జీనా. ఈ లెక్కన ముందు ముందు డజన్ల కొద్దీ గ్రహాలు చేరేవి.

ఇది గెలిస్తే, బతికి ఉన్నవాళ్లలో గ్రహాన్ని కనిపెట్టిన అతి కొద్దిమందిలో బ్రౌన్ ఒకడవుతాడు. టాంబా 1997లోనే పోయాడు. చరిత్రలో విలియం హెర్షెల్, నెప్ట్యూన్ వీరులు, టాంబా, ఆ వరసలో తన పేరు. ఆ కీర్తి చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది. బ్రౌన్ మాత్రం ఆ ముసాయిదా తప్పని బహిరంగంగా చెప్పాడు. గుండ్రంగా ఉన్నదల్లా గ్రహమంటే ఆ మాటకే విలువ పోతుందన్నాడు. ఏడాది కిందట జీనాను గ్రహమన్న మనిషి ఈ మాట అనడం కొందరికి విడ్డూరంగా తోచింది. నాకు మాత్రం ఈ మొత్తం ఉదంతంలో బాగా నచ్చిన ఘట్టం ఇదే. సొంత లాభాన్ని పక్కన పెట్టి మాట్లాడే పెద్దలు మనకూ అరుదు, వాళ్లకూ అరుదే.

ప్రాగ్ సభలో ముసాయిదా నిలవలేదు. ఉరుగ్వేకు చెందిన హూలియో ఫెర్నాండెజ్, గొంజాలో తాంక్రెది ఎదురు ప్రతిపాదన తెచ్చారు. గుండ్రంగా ఉంటే చాలదు, తన కక్ష్య దారిలో తనే మోతుబరి అయి ఉండాలి, చుట్టుపక్కల చిల్లర వస్తువులను మింగేసో తరిమేసో దారి శుభ్రం చేసుకుని ఉండాలి అన్నారు. భూమి ఆ పని చేసింది, గురుడు చేశాడు. ప్లూటో చెయ్యలేదు, జీనా చెయ్యలేదు. వాదనలు వేడెక్కాయి. మాటలు సవరించారు, మళ్లీ సవరించారు.

ఆగస్టు 24. సభ ఆఖరి రోజు. వచ్చిన రెండున్నర వేల మందిలో చాలామంది ఇళ్లకు బయల్దేరిపోయారు. హాల్లో ఉన్నవాళ్లు పసుపు కార్డులు పైకెత్తి ఓటు వెయ్యాలి. పల్సార్లను కనిపెట్టిన జోసిలిన్ బెల్ బర్నెల్ వేదిక మీద సందేహాలు తీరుస్తోంది. ఆమె బల్ల మీద ఒక బుడగ, డిస్నీ కుక్క ప్లూటో బొమ్మ ఉన్నాయి. గ్రహాలనూ, గుండ్రంగా ఉన్నా దారి శుభ్రం చేసుకోని మరుగుజ్జు గ్రహాలనూ ఒకే ఆచ్ఛాదన కింద పెట్టాలా వద్దా అన్నది వివరించడానికి ఆవిడ నిజంగానే ఒక గొడుగు తెరిచి చూపించింది. నవ్వులు. వెంటనే ఓటింగు. ఒకే గొడుగు వద్దన్నారు.

పాసడీనాలో అప్పటికింకా తెల్లవారుజాము. క్యాల్టెక్‌లో బ్రౌన్ విలేకరులతో కలిసి ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చూస్తున్నాడు. పసుపు కార్డులు లేచాయి. ప్లూటో పడిపోయింది. దానితోపాటే పదో గ్రహమూ పడిపోయింది. గ్రహాలు ఎనిమిదే అని ప్రకటించింది దాన్ని కనిపెట్టినవాడే.

ఓటు వేసినవాళ్లు 424 మంది. దాదాపు తొమ్మిది వేల మంది సభ్యులున్న సంఘంలో ఇది అయిదు శాతం కూడా కాదు. ప్లూటోకు న్యూ హొరైజన్స్ నౌకను పంపిన అలన్ స్టెర్న్ ఈ ఓటును గట్టిగా తప్పుపట్టాడు. ఆ నౌక బయల్దేరి అప్పటికి ఏడు నెలలే అయింది. అందులో టాంబా చితాభస్మం కొంచెం ఉంది. భూమి వదిలినప్పుడు అది గ్రహానికి వెళుతోంది, దారిలో ఉండగానే గమ్యం హోదా మారిపోయింది. టాంబా చాలా కాలం ఉన్న న్యూ మెక్సికో రాష్ట్రపు చట్టసభ అయితే 2007లో, మా ఆకాశంలోకి వచ్చినంతసేపూ ప్లూటో గ్రహమేనని తీర్మానించుకుంది. సౌర కుటుంబానికి రాష్ట్రాల సరిహద్దులు గియ్యడం అదే మొదలు కావచ్చు.

మన దగ్గర పాఠ్య పుస్తకాల్లో ప్లూటో పేరు కొట్టేశారు. శనివారం గుళ్లో నవగ్రహాలకు ప్రదక్షిణ చేసేవాళ్లు కంగారు పడాల్సింది మాత్రం ఏమీ లేదు. ఆ తొమ్మిదిలో సూర్యుడు, చంద్రుడు, రాహుకేతువులు ఉన్నారు గానీ ప్లూటో మొదటి నుంచీ లేదు.

◆

హోదా తేలింది కాబట్టి ఇక పేరుకు అడ్డు లేదు. సెప్టెంబరు 6న బ్రౌన్ బృందం ఒక పేరు పంపింది. 13న సంఘం ఖాయం చేసింది. ఎరిస్.

గ్రీకు పురాణంలో ఎరిస్ కలహ దేవత. ఒక దేవతా వివాహానికి అందరినీ పిలిచి ఆమెను పిలవలేదు. పిలవని పెళ్లికి వచ్చి, అందరికన్నా అందగత్తెకు అని రాసిన బంగారు ఆపిల్ పండు అతిథుల మధ్యకు దొర్లించింది. ముగ్గురు దేవతలు అది నాదంటే నాదని కాట్లాడుకున్నారు, తీర్పు చెప్పమని ట్రాయ్ రాకుమారుడు పారిస్ దగ్గరికి వెళ్లారు, ఆ తీర్పు కాస్తా పదేళ్ల ట్రాయ్ యుద్ధంగా ముదిరింది. మన నారదుడు పెట్టే తగవులు చివరికి లోక కల్యాణానికి దారి తీస్తాయి. ఎరిస్‌కు అలాంటి నియమం లేదు. స్పెయిన్‌తో తగవు, ప్రాగ్‌లో తగవు, బడి పిల్లల కోపం. ఇన్ని కలహాలు రేపినదానికి ఇంతకన్నా తగిన పేరు దొరకదు. గ్రీకు, రోమన్ దేవతల పేర్లు చాలావరకు గ్రహశకలాలకు పంచిపెట్టేశాక కూడా ఇది మిగిలి ఉండటం విశేషం.

ఉపగ్రహానికి డిస్నోమియా అని పెట్టారు. ఎరిస్ కూతురు, అరాచకానికి దేవత. జీనా పాత్ర వేసిన నటి ఇంటిపేరు లాలెస్. ఇంగ్లిషులో ఆ మాటకు అర్థం చట్టం లేకపోవడం. ముద్దుపేరు పోయినా దాని వాసన పోకుండా బ్రౌన్ చేసిన తుంటరి పని ఇది.

శాంటా పేరు కోసం ఇంకో రెండేళ్లు పట్టింది. స్పెయిన్ వాళ్లు ఐబీరియా దేవత అటైసీనా పేరు అడిగారు, బ్రౌన్ బృందం హవాయి దేవత హౌమియా పేరు అడిగింది. 2008 సెప్టెంబరులో సంఘం రెండు పక్షాలనూ సగం సగం తృప్తిపరిచింది: పేరు హౌమియా, కనిపెట్టిన చోటు సియెర్రా నెవాడా. కనిపెట్టినవారి పేరు ఉండాల్సిన గడిని ఖాళీగా వదిలేశారు. ఈస్టర్‌బన్నీ మకేమకే అయింది.

ఎరిస్ అందరినీ చివరిదాకా ఏడిపించింది. జర్మన్ శాస్త్రవేత్తలు మొదట దాని అడ్డుకొలత దాదాపు 3,000 కిలోమీటర్లన్నారు. హబుల్ 2,400 అంది. 2010 నవంబరు 6న అది ఒక నక్షత్రానికి అడ్డుగా వెళ్లినప్పుడు చిలీ నుంచి ఆ నీడను కొలిచారు. 2,326 కిలోమీటర్లని తేలింది. మీద పడిన వెలుగులో 96 శాతం తిప్పికొడుతోంది, కొత్త మంచులా మెరుస్తోంది. 2015 జులైలో న్యూ హొరైజన్స్ వెళ్లి ప్లూటోను దగ్గర నుంచి కొలిస్తే 2,377 కిలోమీటర్లు. అంటే ప్లూటో కన్నా పెద్దదని జనం నమ్మిన పదో గ్రహం నిజానికి ప్లూటో కన్నా సుమారు 50 కిలోమీటర్లు తక్కువ. బరువులో మాత్రం ప్లూటోను పాతిక శాతానికి పైగా మించింది. సైజు లెక్క ఆనాడే తెలిసి ఉంటే ఆ శీర్షికలు పడేవా, ప్లూటో పదవి ఊడేదా అని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. ఊడేదనే నా నమ్మకం. దాని కష్టం సైజుతో కాదు, ఇరుగుపొరుగుతో.

బ్రౌన్ ఊరుకోలేదు. 2016 జనవరిలో అతనూ, సహచరుడు కాన్‌స్టాంటిన్ బాటిగిన్ కలిసి ఇంకో కబురు చెప్పారు. నెప్ట్యూన్ అవతలి కొన్ని వస్తువుల కక్ష్యలు ఒకే వైపుకు ఒరిగి ఉన్నాయనీ, కనిపించని పెద్ద గ్రహమేదో వాటిని లాగుతూ ఉండాలనీ వాళ్ల వాదన. బరువు భూమికి అయిదు నుంచి పది రెట్లు ఉండవచ్చట. కాదనేవాళ్లూ ఉన్నారు, వెతికే తీరులోని లోపం వల్లే అలా కనిపిస్తోందని వాళ్ల అభ్యంతరం. ప్రస్తుతానికి దానికి ఉన్నది తొమ్మిదో గ్రహం అన్న పిలుపు ఒక్కటే. చిలీలో కొత్తగా కళ్లు తెరిచిన వెరా రూబిన్ అబ్జర్వేటరీ మీద ఇరుపక్షాలకూ ఆశ ఉంది.

అంత బరువున్నది నిజంగా ఉంటే అది గ్రహమా కాదా అన్న తగవు ఈసారి రాదు. ఎవరు ముందు చూశారన్న తగవు వస్తుందో రాదో చెప్పలేం. పేరు గురించి మాత్రం ఇప్పటి నుంచే పందేలు కాయకండి. ముందు దాన్ని దొరకనివ్వండి.